నేను చెరిపేసిన తెల్లజుట్టు

మా పని ముఖాల మీద పెన్సిలు పెట్టడం. ఏం ఉద్యోగం చేసేవారని అడిగినవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే. వినగానే మేకప్ మేన్ అనుకుంటారు. కాదు. మద్రాసులో సినిమా తారల ఫొటోలు తీసే ఒక స్టూడియోలో నేను రిటచర్ని. మాస్టారు తీసిన ఫొటో నెగెటివ్ నా బల్ల మీదకి వచ్చేది. మొటిమ, మచ్చ, కంటి కింద నలుపు, నుదుటి మీద గీత, ఏది కనిపించినా సూదిలా చెక్కిన పెన్సిలుతో పూడ్చి పంపేవాణ్ణి. మీ అమ్మమ్మలు ట్రంకుపెట్టె మూతకి లోపలివైపు అతికించుకున్న హీరోయిన్ల బొమ్మల్లో కొన్ని బుగ్గల నునుపు నాదే.

ఇప్పుడు అనకాపల్లిలో, గవరపాలెంలో మా ఇంటి వీధరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మద్రాసు నుంచి వచ్చాక ఇక్కడే నాలుగు రోడ్ల దగ్గర సొంత స్టూడియో పెట్టుకుని చాలా ఏళ్ళు నడిపి, చెయ్యి వణకడం మొదలయ్యాక మూసేశాను. మా వీధి చివర లావణ్య అనే అమ్మాయి ఫొటో స్టూడియో పెట్టింది. పరవాడ ఫార్మా కంపెనీలో పనిచేసి, ఆ బస్సు ప్రయాణం విసుగెత్తి మానేసి, పెళ్ళికూతుళ్ళ ఫొటోలలోకి దిగింది. చెయ్యి మంచిది. ఈ మధ్య తన దుకాణంలో జరిగిన ఒక సంగతి వల్ల, పట్టుబట్టి నాచేత ఇది రాయిస్తోంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మా పనేమిటో చెప్పకపోతే అది అర్థం కాదు.

బల్ల, అద్దం, బ్లేడు

మా నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. నన్నూ అందులోనే పెడదామనుకున్నాడు. నాకు బొమ్మల పిచ్చి. సైన్ బోర్డులు రాసే ఆయన దగ్గర చేరి సన్నగీత గియ్యడం నేర్చుకున్నాను. ఆ గీత చూసి మా మేనమామ నన్ను మద్రాసు తీసుకుపోయి ఏకాంబరం మాస్టారికి అప్పగించాడు. మాస్టారు నా చేతికి పెన్సిలూ గరుకు కాగితమూ ఇచ్చి, మొన అంగుళం పొడవు వచ్చేదాకా అరగదియ్యమన్నారు. మొదటి రోజు పదకొండు పెన్సిళ్ళు విరిచాను.  పన్నెండోది ఇచ్చారు.

రిటచింగ్ బల్ల అంటే ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం. మధ్యలో పాలగాజు, దాని మీద నెగెటివ్, కింద కిటికీ వెలుగుని పైకి కొట్టే అద్దం. తలమీంచి నల్లగుడ్డ. ఒక చేతిలో భూతద్దం, ఒక చేతిలో పెన్సిలు. ఒక్క ముఖానికి మూడు గంటలు పట్టేది. ఇప్పుడు మీ ఫోను కన్ను మూసి తెరిచేలోగా చేసేస్తుంది. చెయ్యనివ్వండి, నాకు కోపం లేదు. మెడనొప్పి లేనివాళ్ళని చూస్తే కొంచెం కుళ్ళు మాత్రం ఉంది.

నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా పడుతుంది. ముఖం మీద ముడత అక్కడ సన్నటి తెల్లగీత. దాన్ని పెన్సిలుతో నింపితే ప్రింటులో ముడత ఉండదు. తెల్లజుట్టు సంగతి వేరు. అది నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది కాబట్టి పెన్సిలు దాన్నేమీ చెయ్యలేదు. సన్నటి బ్లేడుతో ఆ పైపొర గీకాలి. పెన్సిలు గీత నచ్చకపోతే టర్పెంటైనులో ముంచిన దూదితో తుడిచి మళ్ళీ మొదలుపెట్టచ్చు. బ్లేడుతో గీకిందంటే గీకినట్టే. దేవుడు దిగివచ్చినా తిరిగి రాదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథంతా దాని మీదే ఉంది.

చిన్న తప్పులు బోలెడు చేశాను. ఒకసారి నెగెటివ్ తిరగేసి పెట్టి ప్రింటు వేశాను. హీరోయిన్ పమిట కుడి భుజం మీదకి వచ్చింది. ముఖం మీద అంత శ్రద్ధ పెట్టినవాడికి పమిట కనిపించలేదు. పత్రికవాళ్ళు నవ్వి తిరగ్గొట్టారు. అప్పటినుంచి ఆడవాళ్ళయితే పమిటా, మగవాళ్ళయితే చొక్కా గుండీలూ చూసిగానీ ప్రింటు వెయ్యలేదు. ఇలాంటివి మనిషికి నష్టం చెయ్యవు, నవ్వుకుని మర్చిపోతాం. మనిషికి నష్టం చేసిన తప్పు ఒక్కటే చేశాను. అది బాగా చేద్దామని చేశాను.

ఖాళీ ప్లేట్లు

ఏకాంబరం మాస్టారు పొట్టి మనిషి. నల్ల అంచు తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అరవాయనే అయినా తెలుగు బాగా మాట్లాడేవారు. నేను చూసిన పనివాళ్ళలో ఆయనకి సాటి వచ్చేవాడు లేడని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కోపిష్టి. దీపం అంగుళం పక్కకి జరిగితే అరిచేవారు. మనిషి తప్పు చేస్తే మాత్రం గొంతు తగ్గించేవారు. ఆ తగ్గింపుకే మాకు ఎక్కువ భయం.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ఎంత పెద్ద తార వచ్చినా మొదటి ఎనిమిదీ పదీ ఫొటోలు ఆయన ఫిల్ము లేకుండా తీసేవారు. కెమెరాలో ప్లేటు పెట్టినట్టే పెట్టి, నల్లగుడ్డలో దూరి, షట్టరుకున్న రబ్బరు బల్బు నొక్కి, బాగుంది, ఇంకోటి అనేవారు. అన్నీ ఖాళీ. ఎందుకని అడిగితే, వాళ్ళు ఇంటినుంచి ఒక ముఖం తయారుచేసుకుని తెస్తారు రాజూ, అది ముందు ఖర్చయిపోవాలి అన్నారు. నిజంగానే పదో ఫొటోకి ఆ నవ్వు అలిసిపోయేది. మెడ కొద్దిగా వాలేది. కళ్ళు ఎక్కడికో వెళ్ళి వచ్చేవి. అప్పుడు మాస్టారు నిజం ప్లేటు పెట్టేవారు. వెలుగు పైనుంచి పడేలా, ముక్కు కింద చిన్న నీడ, రెండు కళ్ళల్లో ఒక్కొక్క మెరుపు చుక్క, వెనకనుంచి జుట్టు అంచుకి సన్నటి వెలుగు. వెలుగు మెత్తబడడానికి దీపానికి అడ్డంగా నూనె కాగితం. మీరు చూసి నోరెళ్ళబెట్టే పాత ఫొటోలన్నీ ఈ నాలుగు ముక్కలతో చేసినవే.

ఆ తారల గురించి రెండు మాటలు. వాళ్ళది పుట్టుకతో వచ్చిన అందం అనేవాళ్ళున్నారు, అంతా దీపాల మాయ అనేవాళ్ళున్నారు. ఇద్దరూ వాళ్ళ పక్కన నిలబడి చూడలేదు. ఆ దీపాల కింద అరగంట కూర్చుంటే మామూలు మనిషి వీపు తడిసి ముద్దవుతుంది. ఎక్స్‌పోజరు ఒక సెకను. ఆ సెకను కనురెప్ప కదలకూడదు, ఊపిరి ఆగాలి, ఆగినట్టు కనిపించకూడదు. ఒక హీరో జ్వరంతో వచ్చి, మాస్టారి చెయ్యి తన నుదుటి మీద పెట్టించుకుని, ఈ వేడి కళ్ళల్లో కనపడుతుందా అని అడిగాడు. కనపడదన్నాక కూర్చున్నాడు. ఆ ఫొటోలో ఆయన ఎంత హాయిగా నవ్వుతున్నాడో! వాళ్ళ మీద నాకున్న గౌరవం ఇలాంటివాటి వల్ల వచ్చింది. గోడ మీద పోస్టరు చూసి వచ్చింది కాదు.

చీడికాడ మనిషి

ఆమె అసలు పేరు రాయను. ఇక్కడ మాలిని గారు అంటాను. నేను స్టూడియోలో చేరేనాటికే ఆమె పెద్ద హీరోయిన్. తెరమీద రాణిలా మాట్లాడేది. ప్రతి అక్షరం ముత్యంలా పలికేది. ఆమె ఎక్కడి మనిషో మాలో ఎవరికీ తెలీదు.

ఒకరోజు ప్రింట్లు చూడ్డానికి నా గదిలోకి వచ్చింది. నేను నా ధోరణిలో ఇంకో కుర్రాడితో, ఆ నెగిటివ్ ఇలా ఎట్టు, దుమ్మడతాది అన్నాను. ఆమె గభాలున తిరిగింది. నీదేవూరు అంది. అనకాపల్లి అన్నాను. ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నాది చీడికాడరా తమ్ముడా అంది. చీడికాడ మా వైపు పల్లెటూరే. చిన్నప్పుడు చెరుకు తోటల్లో తిరిగి, నాటకాల కంపెనీలో చేరి, తిరునాళ్ళలో వేషాలు వేసి, అక్కడినుంచి మద్రాసు వచ్చిందట. సినిమాకి ఆ భాష పనికిరాదని డైలాగులు నేర్పే ఒకాయన్ని పెట్టి మార్పించారట. అప్పటినుంచి ఎప్పుడొచ్చినా ఒక అయిదు నిమిషాలు నా గదిలో కూర్చుని మన భాష మాట్లాడి వెళ్ళేది. మిగతావాళ్ళకి అమ్మగారు. నాకు అక్క.

ఏడెనిమిదేళ్ళు ఆమె ముఖం నా పెన్సిలు కిందుగా నడిచింది. ముందు మొటిమలు తీసేవాణ్ణి. తర్వాత కంటి కింద నలుపు. తర్వాత నవ్వితే పడే గీతలు. ఏడాదికి ఒక్కొక్క గీత చొప్పున ఎక్కువవుతుంటే, నా పనీ దానితోపాటే పెరిగింది. నలభై దాటేసరికి హీరోయిన్ వేషాలు ఆగిపోయాయి. రెండేళ్ళు పని లేదు. స్టూడియోకి రావడమూ మానేసింది. సినిమాలో మనిషికి పని లేకపోవడమంటే ముఖం చెల్లకపోవడమే.

రెండు రోజుల కానుక

ఒక ఉదయం రిక్షాలో వచ్చింది. ఎప్పుడూ కారులో వచ్చే మనిషి. నేత చీర, బొట్టు తప్ప మేకప్పు లేదు. కుడి కణత దగ్గర వేలెడు వెడల్పున తెల్లజుట్టు పాయ, దాచకుండా వెనక్కి దువ్వుకుంది. ఎవరో కొత్త డైరెక్టరు తీస్తున్న సినిమాలో తల్లి వేషం ఉందట. కథంతా ఆ తల్లి మీదే నడుస్తుందట. ఆ డైరెక్టరుకి ఈమె హీరోయిన్‌గానే తెలుసు. తల్లిగా నప్పుతుందో లేదో ఫొటోలు పంపమన్నాడు.

మాస్టారు మూడు ఫొటోలు తీశారు. వెళ్ళబోతూ నా గది గుమ్మంలో ఆగింది. ఈ వేషం రాకపోతే ఇక మద్రాసులో ఉండనని, సామాను సర్దుకుని చీడికాడలో తమ్ముడి ఇంటికి పోతానని మామూలుగా చెప్పింది. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, పక్క వీధికి వెళుతున్నట్టు చెప్పింది. 

మర్నాడు మాస్టారు ఒక హీరో ఫొటోల కోసం మైసూరు వెళ్ళారు. వెళుతూ, మాలినమ్మ ప్రింట్లు జాగ్రత్తగా పంపు అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు. ఆ ఏళ్ళన్నీ నేను నేర్చుకున్నది ఒక్కటే పని. ముఖం వచ్చింది, గీతలు తీసెయ్యి. పైగా మా ఊరివైపు మనిషి, అక్క, కష్టంలో ఉంది. నా చేతిలో ఉన్నదంతా ఆమెకి ఇవ్వాలనుకున్నాను.

రెండు రోజులు కూర్చున్నాను. మూడు నెగెటివ్‌లూ. నుదుటి గీతలు, కంటి కొసల ముడతలు, నోటి పక్కన వంపులు, మెడ మీద మడతలు, ఒక్కటి వదలకుండా పూడ్చాను. చివరికి బ్లేడు తీసి, కణత దగ్గరి తెల్లపాయ వెంట్రుక వెంట్రుకా గీకేశాను. అంత నాజూకు పని నేను అంతకుముందూ తర్వాతా చెయ్యలేదు. ప్రింటు నీళ్ళలో తేలుతుంటే ముప్ఫై ఏళ్ళ మాలిని నాకేసి చూసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేనే తీసుకెళ్ళి డైరెక్టరు ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

నాలుగో రోజు ఆమె వచ్చింది. చేతిలో ఆ ప్రింటు. డైరెక్టరు దాన్ని చూసి, ఈవిడ మా హీరోకి తల్లేమిటి, చెల్లెలిలా ఉంది అని నవ్వి, ఆ వేషం ఇంకెవరికో ఇచ్చేశాడు. ఈ మాట ఆమె చాలా నెమ్మదిగా చెప్పింది. ప్రింటు నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవలు సెయ్యమన్నారు తమ్ముడా?"

"ఎవలూ సెయ్యమన్లేదక్కా. బాగుంటాదని నేనే సేసేను."

ఆమె స్టూలు మీద కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా ముఖంలోకి చూడకుండా, ప్రింటుకేసే చూస్తూ అంది.

"ఇరవయ్యేళ్ళు అందం మీద బతికేను. ఇకమీద వయసు మీద బతుకుదామనుకున్నాను. అదీ నువ్వే తుడిచీసేవు."

 ఆమె లేచి పమిట సర్దుకుని వెళ్ళిపోయింది.

వెంటనే నెగెటివ్‌లు బయటికి తీసి టర్పెంటైను పట్టించాను. నాకు తోచినది అదే. పెన్సిలు మొత్తం పోయింది. గీతలన్నీ తిరిగి వచ్చాయి. ప్రింటు వేసి చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. ముఖానిది ఒక వయసు, జుట్టుది ఒక వయసు. నలభై మూడేళ్ళ ముఖం మీద రంగేసినట్టు నల్లటి జుట్టు. తెల్లపాయ ఉండాల్సిన చోట ఏమీ లేదు. దాన్ని నేను గీకి, ఊది, దులిపేశాను.

షో కేసు నడిమి చట్రం

మాస్టారు మైసూరునుంచి వచ్చాక అంతా చెప్పాను. ఆయన గొంతు తగ్గింది. "నేను చెప్పి పోవాల్సింది. నువ్వు అడిగి ఉండాల్సింది. ఇద్దరమూ చెయ్యలేదు" అన్నారు.  పెద్దవాళ్ళలో తప్పుని సగం తమ మీద వేసుకునేవాళ్ళు తక్కువ. నాకు ఆయన ఇచ్చిన జీతం కంటే ఆ సగం ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. వరండాలో తాళ్ళు కట్టిన ట్రంకులు. రెండు రోజుల్లో మెయిలు బండికి టిక్కెట్టు. ఆమె మాకు కాఫీ ఇచ్చింది. నన్ను కూర్చోమంది కూడా. మాస్టారు క్షమాపణలూ అవీ చెప్పలేదు. ఊరెళ్ళేముందు ఒక్క పూట నాకివ్వమని అడిగారు. వేషం పోయాక ఫొటో ఎందుకంది. ఎవరికీ పంపడానికి కాదు, మా షో కేసుకి అన్నారు.

షో కేసు గురించి చెప్పాలి. మా స్టూడియో ముందు రోడ్డువైపు పెద్ద గాజు బీరువా ఉండేది. అందులో అయిదు చట్రాలు. కోడంబాకంలో తిరిగే నిర్మాతలూ డైరెక్టర్లూ అందరూ ఆ రోడ్డు మీదనే పోవాలి. నడిమి చట్రంలో ఎవరుంటే ఆ ఏడాది రాణి వాళ్ళే. ఆ చోటు కోసం హీరోయిన్ల మేనేజర్లు మాస్టారి చుట్టూ తిరిగేవారు. అక్కడ ముప్ఫై దాటిన ముఖం పెట్టిన రోజు లేదు.

ఆమె వచ్చింది. ఆ మధ్యాహ్నమే, అదే నేత చీరలో. మాస్టారు ఎన్నడూ చెయ్యని పనులు చేశారు. పైనున్న దీపం దించి, పక్కన, చెవి ఎత్తులో పెట్టారు. నూనె కాగితం తీసేశారు. ఇన్నాళ్ళూ ఏ వెలుగునుంచి ఆ ముఖాన్ని కాపాడుతూ వచ్చారో, ఆ వెలుగే సూటిగా వేశారు. ప్రతి గీతా లేచి నిలబడింది. నల్లగుడ్డలో దూరబోతూ ఆగి, మాలినమ్మా, నీకు ఖాళీ ప్లేట్లు అక్కర్లేదు, మొదటిదే నిజం ప్లేటు పెడుతున్నాను అన్నారు. అప్పటిదాకా ఖాళీ ప్లేట్ల రహస్యం ఆమెకి తెలీదు. ఇరవై ఏళ్ళు మోసం చేశారన్నమాట అని పకపకా నవ్వింది. నావైపు తిరిగింది.

"ఇన్నావా తమ్ముడా? పదేడేళ్ళప్పుడు ఉప్మాక తీర్థం నాటకంలో తల్లి ఏసం ఏసేను. తలకి బియ్యప్పిండి రాసుకున్నాను. ఇప్పుడు పిండక్కర్లేదు."

అది అంటున్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, దుఃఖం ఇంకా పూర్తిగా రాలేదు. మాస్టారు బల్బు నొక్కారు. ఆ రోజు తీసింది ఆ ఒక్కటే.

మర్నాడు ఉదయం నెగెటివ్ నా బల్ల మీద పెట్టి, మాస్టారు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. నేను పెన్సిళ్ళన్నీ చెక్కి వరసగా పెట్టుకున్నాను. అలవాటు. భూతద్దం పెట్టి చూడ్డం మొదలుపెట్టాను. చెయ్యి ప్రతి గీత దగ్గరికీ వెళ్ళేది, ఆగేది. ఆ గీతల్లో కొన్ని ఎప్పుడు వచ్చాయో నాకు తెలుసు. నేనే పూడ్చినవి. మొదటిసారి వాటిని పూడ్చకుండా చూశాను. మధ్యాహ్నం దాకా కూర్చుని చేసింది ఒక్క పని. చెవి దగ్గర ఒక దుమ్ము చుక్క ఉంది. దాన్ని పెన్సిలుతో మూశాను. బ్లేడు సొరుగులోంచి తియ్యనేలేదు. నా వృత్తి మొత్తంలో అన్నిటికంటే కష్టమైన పని ఏదంటే, ఆ పూట నేను చెయ్యకుండా ఉన్న పని.

సాయంత్రానికి మాస్టారు నడిమి చట్రంలోంచి అప్పటి పెద్ద హీరోయిన్ బొమ్మ తీసి, మాలిని గారిది పెట్టారు. మర్నాడే ఆ హీరోయిన్ మేనేజరు వచ్చి గొడవ చేశాడు. మాస్టారు తియ్యనన్నారు. ఆ హీరోయిన్ ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. ఆ నష్టాన్ని మాస్టారు నోరెత్తకుండా భరించారు.

మేనేజరు గొడవ చేసిన రోజే మధ్యాహ్నం మూడు గంటలకి ఒక కారు షో కేసు ముందు ఆగి, కొంచెం ముందుకి పోయి, వెనక్కి వచ్చింది. దిగినాయన ఒక పెద్ద డైరెక్టరు. లోపలికి వచ్చి, బయట ఉన్నావిడ ఎవరు అన్నాడు. ఆమెని హీరోయిన్‌గా పెట్టి తనే ఒక సినిమా తీసినవాడు! మాస్టారు పేరు చెప్పగానే మళ్ళీ బయటికి వెళ్ళి గాజుకి ముఖం ఆనించి చూశాడు. తన కొత్త సినిమాలో తల్లి వేషానికి ఆమెని పిలిపించమన్నాడు. మాస్టారు నన్ను ఆమె ఇంటికి పరిగెత్తించారు. మెయిలు ఆ సాయంత్రానికే. నేను వెళ్ళేసరికి ట్రంకులు జట్కా మీదకి ఎక్కిస్తున్నారు. ఆయాసంతో మాట పెగలక, దించమని చేత్తో సైగ చేశాను.

తర్వాత ఇరవై ఏళ్ళు తల్లి, అత్త, నాయనమ్మ వేషాలు వేసింది. హీరోయిన్‌గా ఆమెని మెచ్చుకున్నవాళ్ళున్నారు. తల్లిగా ఆమెని చూసి ఏడ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ. పోయిన మొదటి వేషం మాత్రం పోయినట్టే. ఆ సినిమా బాగా ఆడింది. ఎప్పుడు ఆ సంగతి వచ్చినా నేను తల దించుకునేవాణ్ణి.

చాలా ఏళ్ళకి ఆమె సినిమాలు మానేసి చీడికాడ వచ్చేసింది. ఏదో గుర్తింపు కార్డు ఫొటో కావాలని ఆటోలో అనకాపల్లి మా స్టూడియోకి వచ్చింది. తల ముగ్గుబుట్ట. కెమెరా ముందు కూర్చుని, పెన్సిలు దాసీసేవా తమ్ముడా అని అడిగింది. దాసీసేనక్కా అన్నాను. అయితే తియ్యి అంది. ఒక్క సెకను ఊపిరి ఆపింది. ఆ రోజుల్లోలాగే, ఆపినట్టు కనిపించలేదు.

లావణ్య దుకాణంలో

మాలిని గారు పోయి కొన్నేళ్ళయింది. ఈ మధ్య చీడికాడలో ఆమె చదువుకున్న బడిలో ఆమె పటం పెడదామని అనుకున్నారు. ఆమె తమ్ముడి కూతురు వచ్చి, ఆ షో కేసు ఫొటో ప్రింటు నా దగ్గర ఉందని తెలిసి అడిగింది. మద్రాసు స్టూడియో మూసేసేటప్పుడు మాస్టారు నాకిచ్చినది అది. పెద్దది చెయ్యమని లావణ్యకి ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత రమ్మని ఫోను చేసింది. దుకాణంలో కుర్చీ వేసి, కంప్యూటరు నావైపు తిప్పింది. నేను చూశాను. తెర మీద ముప్ఫై ఏళ్ళ మాలిని. నుదురు నునుపు. కంటి కొసలు నునుపు. మెడ మీద ఒక్క మడత లేదు. కణత దగ్గర నల్లగా నిగనిగలాడే జుట్టు. అచ్చంగా నేను చేసినట్టే చేసింది. నేను చేసినదాన్ని తను ఎన్నడూ చూడలేదు.

లావణ్య నా ముఖంలో మెప్పు కోసం చూస్తోంది. ఇది ఎవరు చెయ్యమన్నారమ్మా అని అడిగాను.

"ఎవలూ చెయ్యమన్లేదు తాతా. బాగుంటాదని నేనే చేసేను."

 కోపం రాలేదు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నిదానంగా అంతా చెప్పాను. రిక్షా, నేత చీర, రెండు రోజుల కానుక, స్టూలు మీద కూర్చుని ఆమె అన్న మాట.  అయ్యాక లావణ్య మౌసు పట్టుకుని, ఎక్కడిదాకా వెనక్కి వెళ్ళమంటారు తాతా అంది.

మొదటిదాకా అన్నాను.

తను మీట నొక్కుతుంటే ఒక్కొక్కటీ తిరిగి రావడం మొదలైంది. మెడ మీది మడతలు. నోటి పక్కన వంపులు. కంటి కొసలు. నుదురు. అన్నిటికంటే చివర, ఇంకోసారి నొక్కగానే, కుడి కణత మీద తెల్లపాయ వచ్చి కూర్చుంది. నాకు ఆ రోజు అలాంటి మీట ఒకటి ఉంటే! కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాను. 

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మీకు వెనక్కి వెళ్ళే మీట ఉంది, అదృష్టవంతులు. కానీ అది నొక్కాలంటే, ఎదుటి మనిషికి ఏం కావాలో ముందు అడగాలి. ఆ మనిషి తన ముఖంతో ఇప్పుడు ఏం చెయ్యబోతోందో మీకు తెలియాలి. మెచ్చుకోవడం వేరు, చూడ్డం వేరు. నేను మాలిని గారిని పదేళ్ళు మెచ్చుకున్నాను. చూసింది ఆ ఒక్క పూట.

మరి నేను చెయ్యాల్సింది ఏటీ లేదా అని లావణ్య కొంచెం చిన్నబుచ్చుకుంది. ఉన్న చేతిపని చూపించుకోవాలని ఉంటుంది, ఎవరికైనా.

"సెవి దగ్గర దుమ్ము సుక్కుండేది. అదీ నేనే తీసీసేను. నీకేటీ మిగల్లేదమ్మా" అన్నాను.

లావణ్య నవ్వి ప్రింటు మీట నొక్కింది. వాళ్ళ పెద్ద ప్రింటరులోంచి బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా వస్తుంది. ముఖం కంటే ముందు ఆ తెల్లజుట్టే బయటికి వచ్చింది.